ఆఖరి మజిలీ ఖర్చు - ముందుగా వేసుకోవలసిన లెక్క

(మన సంఘం ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పండగ పూట ఈ సబ్జెక్టు ఏమిటని కొందరు అనుకోవచ్చు. కార్యదర్శిగారు కూడా "సుబేదార్ సాబ్, కాస్త హుషారైన విషయం చూడండి" అన్నారు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు కూడా వేస్తాం కదా సార్ అన్నాను. ఆయన నవ్వి, ఇరవై నిమిషాలు ఇచ్చారు. వృథా చేయను.

నేను డాక్టర్ని కాను. ఇంటర్మీడియట్ పాసై సిపాయిగా చేరి, క్లర్కు ట్రేడులో ముప్ఫై ఏళ్ళు చేసి సుబేదారుగా ఇంటికొచ్చిన మనిషిని. నాకు వచ్చిన పని కాగితాల పని. రిటైరయ్యాక మన సంఘం తరఫున ఇ.సి.హెచ్.ఎస్. కార్డులు, రిఫరల్, రీయింబర్స్‌మెంటు, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు చూస్తున్నాను. ఆ పని మీద చాలా ఇళ్ళకు వెళ్ళాను. మనిషి మంచాన పడ్డ ఇళ్ళు, మనిషి పోయిన ఇళ్ళు. ఆ ఇళ్ళలో నేను చూసిన ఒక విషయం ఈ రోజు మీ ముందు పెడతాను. మన కుటుంబాలు జబ్బుతో చితికిపోవడం తక్కువ. జబ్బు తగ్గదని తెలిసిన తర్వాత పెట్టే ఆఖరి నెల ఖర్చుతో చితికిపోవడం ఎక్కువ. ఆ డబ్బుతో పోయే మనిషికి సుఖం దొరికిందా అంటే, చాలా చోట్ల అదీ లేదు.

ముందు రెండు మాటలకు అర్థం చెప్పుకుందాం. పాలియేటివ్ కేర్ అంటే ఉపశమన వైద్యం. జబ్బు తగ్గినా, తగ్గకపోయినా మనిషి పడే బాధను తగ్గించే వైద్యం. నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, నిద్ర పట్టకపోవడం, దిగులు, ఇంట్లోవాళ్ళ ఆందోళన అన్నీ ఇందులోకి వస్తాయి. దీన్ని జబ్బు బయటపడిన రోజు నుంచే, అసలు వైద్యం నడుస్తుండగానే మొదలుపెట్టవచ్చు. ఒక్క క్యాన్సరుకే కాదు, ముదిరిన గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బు అన్నిటికీ ఉంది. ఇక హాస్పీస్ అంటే, జబ్బును తగ్గించే మందు లేదని తేలాక ఆఖరి వారాలో నెలలో మనిషిని ప్రశాంతంగా చూసుకునే చోటు. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే డాక్టరమ్మ సెయింట్ క్రిస్టఫర్స్ అనే హాస్పీస్ పెట్టి ఈ పద్ధతికి దారి వేసింది. ఆవిడ మొదట నర్సుగా పనిచేసి, ఆ తర్వాత డాక్టరు చదువు చదివింది. మన దేశంలో 1986లో ముంబైలో శాంతి ఆవేదనా సదన్ మొదలైంది.

పాలియేటివ్ అనగానే మనవాళ్ళు "అంటే డాక్టర్లు చేతులెత్తేశారన్నమాట" అంటారు. ఫౌజీలకు ఈ తేడా నేను చెప్పక్కర్లేదు. పోస్టు నిలబెట్టుకోలేమని తెలిసినప్పుడు గాయపడ్డ జవాన్లని, ఆయుధాలని జాగ్రత్తగా వెనక్కి తీసుకురావడం కూడా ఒక ఆపరేషనే. దానికీ ప్లాను కావాలి, సామాను కావాలి, మనుషులు కావాలి. లొంగిపోవడం వేరు, ఇది వేరు.

ఇంకో భయం మార్ఫిన్ గురించి. ఫీల్డులో గాయపడ్డ జవానుకి రెజిమెంటు డాక్టరు మార్ఫిన్ సూది వేస్తే మనం ఎవ్వరం అడ్డు చెప్పలేదు. అదే ఇంట్లో తండ్రి వెన్నెముకలో క్యాన్సరుతో అరుస్తుంటే మార్ఫిన్ మాత్ర ఇవ్వడానికి జంకుతాం. అలవాటైపోతుందని, ప్రాణం త్వరగా పోతుందని. తెలిసిన డాక్టరు కొలత ప్రకారం, కొద్దికొద్దిగా పెంచుతూ ఇస్తే ఆ భయం అక్కర్లేదని ఈ వైద్యం చేసేవాళ్ళందరూ చెబుతారు. మొదట్లో వికారం ఉండొచ్చు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, అందుకని దానికి మందు కూడా కలిపి రాస్తారు. మామూలు మార్ఫిన్ మాత్ర ఖరీదైన మందు కాదు. ఖరీదైన ఇంజెక్షన్ల పక్కన దాని ధర లెక్కలోకే రాదు. చిక్కు ధరలో లేదు, దొరకడంలో ఉంది. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల చాలా ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. అయినా గుర్తింపు పొందిన సంస్థల్లోనే దొరుకుతుంది. కాబట్టి మీ ఊరికి దగ్గర్లో మార్ఫిన్ ఇచ్చే ఆసుపత్రి ఏదో అవసరం రాకముందే కనుక్కోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. రెండు ఇళ్ళ లెక్కలు చెబుతాను. పేర్లు చెప్పను.

మొదటిది నా బ్యాచ్‌మేట్ ఇల్లు. నాయక్‌గా రిటైరయ్యాడు. కాలేయం క్యాన్సరు, ముదిరాక బయటపడింది. పెద్దాసుపత్రి డాక్టరు కొడుకుని పక్కకు పిలిచి రెండు మూడు నెలలు అన్నాడు. ఒక రాత్రి రక్తం కక్కుకుంటే, దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అది ఇ.సి.హెచ్.ఎస్. జాబితాలో లేని ఆసుపత్రి. ఐ.సి.యు., వెంటిలేటరు, పందొమ్మిది రోజులు. మొదటి నాలుగు రోజులు తెలివిలో ఉన్నప్పుడు ఇంటికి తీసుకుపొమ్మని చేత్తో సైగ చేస్తూనే ఉన్నాడట. బిల్లు 6,40,000. ఎమర్జెన్సీ కాబట్టి, కొడుకు 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కి కబురు చేశాడు కాబట్టి రీయింబర్స్‌మెంటుకి కాగితాలు పెట్టగలిగాం. అయితే వచ్చేది సి.జి.హెచ్.ఎస్. రేట్ల ప్రకారమే. కొన్ని నెలల తర్వాత 2,75,000 వచ్చింది. మిగతా 3,65,000కి అరవై సెంట్ల పొలం పోయింది.

ఆ కొడుకుని నేను అడిగాను, "అన్ని రోజులు ఎందుకు ఉంచావు బాబూ, డాక్టర్లు ముందే చెప్పారు కదా" అని. వాడు చెప్పిన జవాబు నేను మర్చిపోలేను. "అంకుల్, మా బాబాయిలు, మేనత్తలు అందరూ వరండాలోనే కూర్చున్నారు. మిలటరీ పెన్షన్ తింటూ తండ్రికి వైద్యం చేయించలేదు అంటారు. ఆపెయ్యండి అనే మాట నా నోటితో నేనెలా అనను?"

చూశారా. ఆ బిల్లులో సగం మందులకి కట్టింది కాదు, నలుగురి నోటికి కట్టింది. మన ఇళ్ళలో ఇది చాలా పెద్ద ఖర్చు. ఏ పథకమూ దీన్ని రీయింబర్స్ చెయ్యదు.

ఐ.సి.యు. చెడ్డదని నేను అనడం లేదు. న్యుమోనియా వచ్చినా, గుండెపోటు వచ్చినా, యాక్సిడెంటు అయినా అది ప్రాణం నిలబెట్టే చోటు. తిరిగి లేచి తిరగగలిగే మనిషికి ఎంతైనా ఖర్చు పెట్టాలి. డాక్టరు గారిని ఒక్క ప్రశ్న అడగండి. "ఈ వైద్యంతో ఈయన ఇంటికి నడిచి వస్తారా, లేక రోజులు మాత్రం పెరుగుతాయా?" సూటిగా అడిగితే చాలామంది డాక్టర్లు సూటిగానే చెబుతారు.

రెండో ఇల్లు మాదే. 2022లో మా నాన్నకి అన్నవాహికలో క్యాన్సరు అని తేలింది. ఆయన రైతు, నా కార్డు మీద డిపెండెంటు. పరీక్షలు, మింగుడు పడటానికి గొట్టం వేయడం, కొద్ది రోజుల రేడియేషను అన్నీ పాలీక్లినిక్ రిఫరల్ మీద, జాబితాలో ఉన్న ఆసుపత్రిలో జరిగాయి. మా చేతి డబ్బు ప్రయాణ ఖర్చులే. ఆ తర్వాత డాక్టరు, "కీమో ఈ వయసులో తట్టుకోలేరు, నొప్పి లేకుండా చూసుకుందాం" అన్నారు. బెంగుళూరులో మా ఇంటికి ఉచితంగా వచ్చే పాలియేటివ్ బృందం దొరికింది. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక కౌన్సిలరు. వారానికి ఒకసారి వచ్చేవారు, ఫోను ఎప్పుడు చేసినా పలికేవారు. మార్ఫిన్ వాళ్ళే ఇచ్చారు. రెండు గంటలకోసారి ఎలా పక్కకి తిప్పాలి, నోరు ఎలా శుభ్రం చేయాలి, గొట్టంతో ఆహారం ఎలా ఎక్కించాలి అన్నీ మా ఆవిడకి, నాకు నేర్పారు.

నలభై ఏడు రోజుల తర్వాత నాన్న, "ఊరికి పోదాం రా" అన్నాడు. ప్రకాశం జిల్లాలో మా ఊరు. అంబులెన్సులో తీసుకెళ్ళాం. బృందంలోని నర్సమ్మ రోజూ ఫోనులో చెప్పేది, మా ఊరి ఏ.ఎన్.ఎం. వచ్చి చూసేది. ఊళ్ళో ఇరవై ఒక్క రోజులు ఉన్నాడు. మొత్తం 68 రోజులు. నేను క్లర్కుని కదా, లెక్క రాసిపెట్టాను.

తల ఎత్తే మంచం అద్దె 6,000. గాలి పరుపు కొన్నది 3,500. ఊరికి మంచం తీసుకెళ్ళలేదు, అక్కడ మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టాం. ఆయమ్మకి బెంగుళూరులో రోజుకి 700, ఊళ్ళో 400 చొప్పున మొత్తం 41,300. డైపర్లు, గ్లౌజులు, దూది 9,500. ఆహారం పొడులు 6,000. అంబులెన్సు 16,000. అంతా కలిపి 82,300. డాక్టరుకి, నర్సుకి, మార్ఫిన్‌కి సున్నా.

ఈ జాబితాని ఇంకోసారి చూడండి. ఇందులో ఇ.సి.హెచ్.ఎస్. నుంచి మాకు వచ్చింది ఒక్క రూపాయి కూడా లేదు. ఆయమ్మ, డైపర్లు, ఆహారం, ఊరికి తీసుకెళ్ళిన బండి, ఇవన్నీ చేతి డబ్బే. పథకాలన్నీ ఆసుపత్రి మంచానికి, మందుకి, మిషనుకి డబ్బు ఇచ్చేలా కట్టారు. ఇంటి మంచం పక్కన కూర్చునే మనిషికి ఇచ్చేలా కట్టలేదు. అందుకే కుటుంబాలు లెక్క చూసుకుని, "ఆసుపత్రిలో అయితే క్యాష్‌లెస్, ఇంట్లో అయితే మనమే పెట్టుకోవాలి" అని మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేస్తున్నాయి. ఈ లోపం తెలిసి ముందుగా కొంత డబ్బు పక్కన పెట్టుకోవడమే మన చేతిలో ఉన్నది.

నా లెక్కలో రాయని పద్దు ఇంకొకటి ఉంది. డబ్బు నాది, చాకిరీ మా ఆవిడది. అరవై ఎనిమిది రాత్రులు ఆమెకి సరైన నిద్ర లేదు. తమ్ముడు ఇరవై వేలు పంపాడు, చెల్లెలు వచ్చి పది రోజులు చేసి వెళ్ళింది. ఈ రెండింటిలో చెల్లెలు చేసిందే పెద్ద సాయం. అన్నదమ్ములు వాటాలు వేసుకునేటప్పుడు రూపాయలతో పాటు రాత్రులు కూడా పంచుకోండి.

ఇక ఎవరు దేనికి ఇస్తారో వరసగా చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి.

ఒకటి, ఇ.సి.హెచ్.ఎస్. 2003 ఏప్రిల్ 1న మొదలైంది. ఖర్చుకి గరిష్ఠ పరిమితి లేదు, అది దీని బలం. రిఫరల్ మీద జాబితాలోని ఆసుపత్రిలో క్యాష్‌లెస్. ఎమర్జెన్సీలో జాబితాలో ఉన్న ఆసుపత్రికి కార్డుతో నేరుగా వెళ్ళవచ్చు. జాబితాలో లేని చోట చేరితే 48 గంటల్లో పాలీక్లినిక్‌కి తెలియజేయాలి. అందుకని మీ ఇంటికి దగ్గర్లో జాబితాలో ఉన్న ఆసుపత్రుల పేర్లు పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనక అంటించండి. అర్ధరాత్రి మీ కోడలో, పక్కింటాయనో చూసి తీసుకెళ్ళాలి. ఆక్సిజన్ కాన్సెంట్రేటరు, బైపాప్ లాంటి పరికరాలు స్పెషలిస్టు రాసి ఇచ్చి, ముందస్తు అనుమతి తీసుకుంటే వస్తాయి. సొంతంగా కొని తర్వాత బిల్లు పెడతామంటే చిక్కులు వస్తాయి. మీ పాలీక్లినిక్ ఆఫీసరు ఇంచార్జిని, "పాలియేటివ్ వైద్యానికి మీరు ఎక్కడికి పంపుతారు?" అని అడగండి. పదిమంది అడిగితే ఆ ప్రశ్న పైకి వెళుతుంది.

రెండు, ఆయుష్మాన్ భారత్. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు దాటినవాళ్ళందరికీ ఏడాదికి 5 లక్షల వరకు ఇచ్చారు. ఇ.సి.హెచ్.ఎస్. ఉన్నవాళ్ళు రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. పరిమితి లేనిదాన్ని వదులుకుని పరిమితి ఉన్నదానికి వెళ్ళేముందు బాగా ఆలోచించుకోండి. ఇ.సి.హెచ్.ఎస్.లోకి రాని మీ బంధువులకి మాత్రం ఇది పెద్ద ఆసరా.

మూడు, ప్రైవేటు ఇన్సూరెన్సు. మన పిల్లలు తల్లిదండ్రులకి ప్రీమియం కడుతుంటారు. ఆ పాలసీ కాగితంలో వర్తించనివి అనే పేజీ తీయండి. విశ్రాంతి, పునరావాసం, సంరక్షణ అనే పద్దు కింద రెండు విషయాలు కనిపిస్తాయి. స్నానం, బట్టలు, నడిపించడం లాంటి సేవలకి డబ్బు రాదు. చివరి దశలో ఉన్నవాళ్ళకి శరీరానికి, మనసుకి సంబంధించి చేసే సేవలకీ రాదు. ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ అన్ని కంపెనీలకీ ఒకే మాటల్లో పెట్టిన మినహాయింపు ఇది. అంటే హాస్పీస్ సేవ అని మనం చెప్పుకుంటున్నది దాదాపు అంతా పాలసీ బయటే ఉంది. అమెరికాలో ఉన్న పిల్లలకి ఇది అర్థం కాదు. అక్కడ 1983 నుంచి మెడికేర్ అనే ప్రభుత్వ పథకమే, ఆరు నెలలకు మించి బతకరని డాక్టర్లు రాసి ఇచ్చిన ముసలివాళ్ళకి హాస్పీస్ ఖర్చు భరిస్తోంది. ఇక్కడా అంతే అనుకుని ఫోనులో సలహాలిస్తారు. వాళ్ళకి ఈ పేజీ ఫొటో తీసి పంపండి.

నాలుగు, డబ్బు తీసుకోని చోట్లు. బెంగుళూరులో కరుణాశ్రయ, ఢిల్లీలో ఇంటింటికీ వెళ్ళే క్యాన్‌సపోర్ట్, ముంబై, ఢిల్లీ, గోవాల్లో శాంతి ఆవేదనా సదన్, హైదరాబాదులో రోటరీవాళ్ళు నడిపే స్పర్శ్ హాస్పీస్. స్పర్శ్ అనగానే మనకి పెన్షన్ పోర్టలు గుర్తొస్తుంది, ఇది వేరే! హైదరాబాదు ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో కూడా పాలియేటివ్ విభాగం ఉంది. ఇలాంటి చోట్లలో ఎక్కువ భాగం క్యాన్సర్ రోగులనే తీసుకుంటాయి, కాబట్టి ముందే ఫోను చేసి అడగండి. ఉచితం అనగానే అనాథలు పోయే చోటని కొందరు మొహం చిట్లిస్తారు. ఒకసారి వెళ్ళి చూసి రండి. మన మిలటరీ ఆసుపత్రి వార్డంత శుభ్రంగా ఉంటాయి.

ఐదు, పెన్షన్ వైపు. 80 ఏళ్ళు నిండితే పెన్షన్ మీద 20 శాతం అదనం, 85కి 30, 90కి 40, 95కి 50, వందేళ్ళకి 100 శాతం. ఫ్యామిలీ పెన్షనుకీ ఇది వర్తిస్తుంది. పుట్టిన తేదీ రికార్డులో తప్పుంటే ఇప్పుడే దిద్దించుకోండి. సర్వీసు కారణంగా నూరు శాతం డిజేబిలిటీ ఉండి, మెడికల్ బోర్డు సిఫారసు చేస్తే తోడు మనిషికి కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్సు ఉంది. పెన్షన్ లేకుండా బయటికి వచ్చిన మాజీ సైనికులకి కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా తీవ్ర జబ్బులకి గ్రాంటు ఉంది, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగాలి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి ఒక మాట. మీ అమ్మానాన్నలు మీ మీద ఆధారపడినవాళ్ళని పార్టు టూ ఆర్డరు పడిందా లేదా ఈ సెలవు అయిపోయేలోపు చూసుకోండి. రిటైరయ్యేటప్పుడు ఇ.సి.హెచ్.ఎస్.లో వాళ్ళ పేర్లు చేరాలంటే ఆదాయం నెలకు 9,000, దాని మీద కరువు భత్యం దాటకూడదు. ఇద్దరి ఆదాయమూ కలిపి చూస్తారు. కాగితం లేని తండ్రికి కమాండు ఆసుపత్రి గేటు దగ్గర మీరెంత సెల్యూటు కొట్టినా లాభం లేదు.

ఇంక అసలు కష్టమైన విషయం. "ఆపండి" అనే మాట ఎవరు అనాలి? నా బ్యాచ్‌మేట్ కొడుకు అనలేకపోయాడు. ఆ మాట కొడుకు మీద పెట్టకూడదు. మనమే, తెలివిలో ఉన్నప్పుడు, రాసి పెట్టాలి. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దీనికి ఒప్పుకుంది. కోలుకునే ఆశ లేనప్పుడు, నన్ను మిషన్ల మీద సాగదీయవద్దు అని ముందుగా రాసిపెట్టుకునే హక్కు ప్రతి పెద్దమనిషికీ ఉంది. మొదట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, అది జరిగే పని కాదు. 2023 జనవరిలో సులువు చేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు ఉంటే చాలు. ఆ కాగితం ఉన్నా ఆసుపత్రి డాక్టర్ల బోర్డులు చూసి నిర్ణయం తీసుకుంటాయి, కాబట్టి ఎవరో తొందరపడి ఆస్తి కోసం చేస్తారనే భయం అక్కర్లేదు. నొప్పికి మందు ఆపరు, ఆకలి దప్పికలు చూసుకోవడం ఆపరు. మిషన్ల సంగతి మాత్రమే. నేను నాది రాశాను. మా ఆవిడ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు తనది కూడా రాయమంది.

ఆ కాగితంతో పాటు ఒక ఫైలు కట్టండి. డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ., ఇ.సి.హెచ్.ఎస్. కార్డుల కాపీలు, భార్యతో జాయింటు అకౌంటు పాస్‌బుక్కు, బకాయిల నామినేషను. భార్య పేరు, పుట్టిన తేదీ పి.పి.ఓ.లోను, ఆధార్‌లోను ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. మంచాన పడ్డవాళ్ళ లైఫ్ సర్టిఫికెట్టు ఇప్పుడు ఫోనులో మొహం చూపించి ఇవ్వవచ్చు, బ్యాంకుకి మోసుకెళ్ళే పని లేదు. ఫైలు ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి తెలియాలి. భర్త పోయిన పదమూడో రోజున బీరువాలన్నీ వెదుకుతున్న వీరనారులని నేను చూశాను.

చివరిగా మన సంఘానికి ఒక ప్రతిపాదన. కేరళలో 1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ గారు, ఆయన మిత్రులు ఉపశమన వైద్య సొసైటీ మొదలుపెట్టారు. అక్కణ్ణించి అది మలప్పురం లాంటి జిల్లాల్లో ఊరి జనం పనిగా మారింది. బస్సు కండక్టర్లు, టీచర్లు, గృహిణులు వారానికి గంటో రెండు గంటలో ఇచ్చి, పక్క వీధిలో మంచాన పడ్డవాళ్ళని చూసుకుంటారు. కొద్దికొద్దిగా చందాలు వేసుకుంటారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దీనికి ప్రత్యేక విధానమే తెచ్చింది. వాళ్ళు చేసింది మనం చేయలేమా? మనకి క్రమశిక్షణ ఉంది, పొద్దున్నే లేచే అలవాటు ఉంది, పెన్షన్ ఉంది, నిజం చెప్పాలంటే ఖాళీ సమయమూ ఉంది.

నేను అడిగేవి మూడే. మొదటిది సామాను స్టోరు. నాలుగు తల ఎత్తే మంచాలు, ఆరు గాలి పరుపులు, నాలుగు వీల్‌చైర్లు, రెండు ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లు. ఇష్యూ వోచరు మీద ఇచ్చి, అవసరం తీరాక వెనక్కి తీసుకోవడం. మా నాన్న గాలి పరుపు కడిగి, ఎండబెట్టి తెచ్చాను. లెడ్జరులో మొదటి ఎంట్రీ దానిది వేయండి. రెండోది డ్యూటీ రోస్టరు. వారానికి రెండు గంటలు ఇచ్చే ఇరవై మంది. మంచం పక్కన కూర్చుంటే ఆ ఇంటి ఇల్లాలు రెండు గంటలు కన్ను మూస్తుంది. నర్సు పని మనం చేయక్కర్లేదు, కాపలా డ్యూటీ చాలు, అది మనకి వచ్చిన పనే. మూడోది, ఇలాంటి ఇంటికి బంధువులు వచ్చి "పెద్దాసుపత్రిలో ఎందుకు పెట్టలేదు" అని కొడుకునో కోడలినో నిలదీసినప్పుడు, సంఘం తరఫున ఒక పెద్దమనిషి వెళ్ళి "ఆయన కోరిందే వీళ్ళు చేస్తున్నారు" అని నలుగురిలో చెప్పడం. దీనికి రూపాయి ఖర్చు లేదు. లక్షలు మిగులుతాయి.

తేనీటి విరామంలో తలుపు దగ్గర బల్ల మీద రిజిస్టరు పెడతాను. పేరు, ర్యాంకు, ఫోను నంబరు, వారంలో ఏ రోజు వీలు, అంతే రాయండి. లివింగ్ విల్ నమూనా కాగితాలు తెలుగులో టైపు చేయించి యాభై కాపీలు తెచ్చాను. ఈ రోజు సంతకం పెట్టక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్ళి, భోజనాలయ్యాక ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి ఒకసారి చదవండి.